బండి స్కిడ్ అయి పడ్డాక ఏం చేయాలి? ఒళ్లు, బండి, హెల్మెట్ చూసుకునే పద్ధతి

తొలకరికి నూనె తేలిన తారు రోడ్డు, మలుపులో పేరుకున్న ఇసుక, కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, ట్రాక్టరు చక్రాలు పొలం నుంచి మోసుకొచ్చిన బురద. మన దగ్గర బండి జారడానికి వేగం అక్కర్లేదు, ఇవి చాలు. ఇలా పడినప్పుడు చాలాసార్లు మోచేయి దోక్కుపోయి, అద్దం పగిలి, కాస్త పరువు పోయి అంతటితో ఊరుకుంటుంది. కానీ మూగదెబ్బలు దాక్కునేది కూడా ఇలాంటి చిన్న ప్రమాదాల్లోనే. ఎక్కడెక్కడ తగిలిందో మనకు సరిగా గుర్తుండదు. హెల్మెట్ మీద గీతలు, చొక్కా చిరుగులు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతాయి. అందుకని ఇంటికెళ్లగానే వాటిని ఉతికేయకండి, ఒక మూల పడేయకండి. వాటితో పని ఉంది.

1. ముందు మీరు, తర్వాత బండి

పడగానే అందరం చేసేది ఒకటే: చటుక్కున లేచి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసి, బండి లేపడానికి పరుగెత్తడం. ఆ నిమిషంలో ఒంట్లో అడ్రినలిన్ పొంగుతూ ఉంటుంది, నొప్పి తెలియదు. విరిగిన మణికట్టుతోనే బండి లేపి ఇంటిదాకా నడిపినవాళ్లు ఉన్నారు.

వెనక వాహనాలు వస్తుంటే ముందు రోడ్డు పక్కకు జరగండి. కూర్చోండి. మెడ వెనక ఎముక మీద నొప్పి ఉన్నా, చేతులు కాళ్లు తిమ్మిరెక్కినా కదలకుండా ఉండి 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయించండి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా పనిచేస్తుంది. చుట్టూ చేరినవాళ్లు ప్రేమకొద్దీ "అన్నా, హెల్మెట్ తీసేయ్, గాలాడుతుంది" అంటూ లాగేస్తారు. మెడనొప్పి ఉన్న మనిషికీ, స్పృహ లేని మనిషికీ ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ జోలికి పోకూడదు. మగతగా ఉన్నా, వాంతి వచ్చేలా ఉన్నా నోట్లో నీళ్లు, సోడా పోయకూడదు.

అంతా బాగానే ఉందనిపిస్తే వేళ్లు, మణికట్టు, మోచేయి, భుజం, మోకాలు, చీలమండ వరసగా ఆడించి చూసుకోండి. గట్టిగా ఊపిరి పీల్చండి. పక్కటెముకల దగ్గర పొడిచినట్టుంటే గుర్తుపెట్టుకోండి.

మీ బండి తగిలి ఇంకెవరికైనా దెబ్బ తగిలితే కథ వేరు. వాళ్లను ఆసుపత్రికి చేర్చడం, పోలీసులకు చెప్పడం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం మీ బాధ్యత. "చిన్నదే కదా, మాట్లాడుకుందాం" అని జారుకుంటే తర్వాత మెడకు చుట్టుకుంటుంది.

2. బండి లేపి, ఇంటికి నడపొచ్చో లేదో తేల్చుకోండి

ముందు తాళం ఆఫ్ చేయండి. ట్యాంకు మూత దగ్గర నుంచి పెట్రోలు కారుతుంటే పక్కన ఎవరూ సిగరెట్ వెలిగించకుండా చూడండి. బండి కుడివైపు పడి ఉంటే, లేపే ముందే సైడ్ స్టాండ్ బయటికి లాగి పెట్టండి. లేకపోతే ఇటు లేచిన బండి అటు పడుతుంది. గేరులో ఉంటే ముందుకు దొర్లదు. సీటుకు వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, రెండో చేత్తో వెనక గ్రాబ్ రైల్ పట్టుకుని కాళ్ల బలంతో వెనక్కి నెట్టుకుంటూ లేపాలి. నడుం వంచి లాగితే కొత్త నొప్పి తోడవుతుంది.

లేపాక బండి స్టార్ట్ కాకపోతే టెన్షన్ పడొద్దు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లలో చాలావాటికి, బండి పక్కకు ఒరిగితే ఇంజన్ ఆపేసే సెన్సర్ ఉంటుంది. తాళం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరిపోతుంది. ఎలక్ట్రిక్ స్కూటరైతే బ్యాటరీ పెట్టె అడుగున సొట్ట ఉందేమో వంగి చూడండి. సొట్ట ఉన్నా, వేడెక్కుతున్నా, ఘాటు వాసన వస్తున్నా ఛార్జింగ్ పెట్టకండి, ఇంట్లోకి తేకండి.

అన్నిటికన్నా ముఖ్యం యాక్సిలరేటర్. ఇంజన్ ఆపి ఉండగానే గ్రిప్ పూర్తిగా తిప్పి వదలండి. టప్పున వెనక్కి రావాలి. కుడివైపు పడ్డ బండికి హ్యాండిల్ చివరున్న బరువు లోపలికి నొక్కుకుపోయి గ్రిప్‌కు రాసుకుంటుంది, తిప్పిన చోటే ఉండిపోతుంది. అలాంటి బండిని రోడ్డెక్కించకూడదు. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో, హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. తిప్పినప్పుడు ఇంజన్ దానంతటదే రేజ్ అయితే కేబుల్ ఎక్కడో నలుగుతోంది.

బ్రేక్ లివర్ చివర గుండు విరిగినా మూడు వేళ్లు పట్టేంత మిగిలితే నెమ్మదిగా ఇల్లు చేరొచ్చు. నొక్కితే మెత్తగా లోపలికి పోతుంటే మాత్రం చేరలేరు. కాలి బ్రేకు, గేర్ లివర్ ఇంజన్ వైపు వంగి ఇరుక్కున్నాయేమో చూడండి. ఇంజన్ కింద నూనె చుక్కలు, ముందు షాకబ్జర్ల మీద నూనె తడి, టైరు పక్కన కోత, రిమ్ సొట్ట, వీటిలో ఏది కనిపించినా ఆటో ట్రాలీలో వేసుకుని వెళ్లడమే మేలు.

చక్రం తిన్నగా ఉండి హ్యాండిల్ వంకరగా కనిపిస్తే భయపడేదేం లేదు. చాలాసార్లు ఫోర్కు పైపులు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు, క్లాంపులో కాస్త తిరిగి ఉంటాయి. మెకానిక్ బోల్టులు వదులు చేసి సరిచేస్తాడు. ఫోర్కే వంగితే మాత్రం పక్కనుంచి చూసినప్పుడు ముందు చక్రం ఇంజన్‌కు దగ్గరైనట్టు తెలుస్తుంది.

బయల్దేరే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి, జారిన చోటుతో సహా.

3. హెల్మెట్ ఏం చెబుతోందో చూడండి

పగటి వెలుతురులో, బల్ల మీద పెట్టి తీరిగ్గా చూడాల్సిన పని ఇది. బురదను తడిగుడ్డతో తుడవండి. పెట్రోలు, థిన్నర్ తగలనివ్వకండి, అవి పై చిప్పను పాడు చేస్తాయి.

ముందు గీతల దిశ చూడండి. ఒకే వైపు సాగిన పొడవాటి గీతలు ఉంటే తల రోడ్డు మీద రాసుకుంటూ పోయిందని అర్థం. ఒకే చోట పెయింటు సాలెగూడులా చిట్లితే అక్కడ సూటిగా దెబ్బ పడింది. "నా తల అసలు నేలకు తగల్లేదు" అని నమ్మకంగా చెప్పేవాళ్ల హెల్మెట్ వెనక భాగంలో కూడా ఇలాంటి మచ్చ కనిపిస్తుంది.

తర్వాత చెంప ప్యాడ్లు, లోపలి గుడ్డ ఊడదీయండి. మనం థర్మాకోల్ అని పిలిచే గట్టి ఫోమ్ బయటపడుతుంది. హెల్మెట్ ప్రాణమంతా దానిలోనే ఉంది. దెబ్బ పడినప్పుడు అది నలిగి, పుర్రెకు చేరాల్సిన అదురును తను మింగుతుంది. ఒకసారి నలిగినది మళ్లీ ఉబ్బదు. మచ్చ ఉన్న చోటుకు సరిగ్గా లోపలివైపు బొటనవేలితో తడమండి. గుంట, నునుపుగా అణిగిన మెరుపు, బీట, చిప్పకూ ఫోమ్‌కూ మధ్య సందు, ఏది కనిపించినా ఆ హెల్మెట్ పని అయిపోయినట్టే. రెండు చేతులతో పక్కల నుంచి కొంచెం నొక్కితే చిటపట శబ్దం వచ్చినా అంతే.

ఏమీ కనిపించలేదా? తల లోపల ఉండగా దెబ్బ పడితే అప్పుడు కూడా మార్చేయండి. ఫోమ్ చిప్పవైపు నలిగితే లోపలి నుంచి కనపడదు. ఈ ఒక్క విషయంలో బేరసారాలు వద్దు. ఖాళీ హెల్మెట్ సీటు మీంచి జారి కింద పడటం వేరు, దానికి ఇంత హడావుడి అక్కర్లేదు. కొత్తది కొనేటప్పుడు ఐఎస్ 4151 నంబరుతో ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్లు అమ్మకూడదు. పాతదాని పట్టీ కత్తిరించి పారేయండి. లేకపోతే ఎవరో తీసుకుని తలకు పెట్టుకుంటారు.

4. జాకెట్, గ్లౌజులు, బూట్లు. లేదా ఒట్టి చొక్కా, చెప్పులు

రైడింగ్ జాకెట్ ఉంటే మోచేయి, భుజం ప్యాడ్లు బయటికి తీయండి. ఈఎన్ 1621-1 (ఇలాంటి ప్యాడ్లకు యూరప్ ప్రమాణం) అని రాసి ఉన్న మెత్తటి ప్యాడ్ చేత్తో వంచినప్పుడు చీలిక కనిపించకపోతే వాడుకోవచ్చు. గట్టి ప్లాస్టిక్‌ది పగిలితే మార్చాలి. కుట్లను రెండు వైపులా లాగి వెలుతురుకు పట్టండి. దారాల మధ్య నుంచి వెలుగు కనిపిస్తే ఈసారి జారినప్పుడు అక్కడే విచ్చుకుంటుంది. జేబు చిరిగితే ఏ టైలరైనా కుడతాడు. మోచేయి, తుంటి దగ్గర బట్ట అరిగి పలచబడితే మాత్రం అతుకు వేయించి లాభం లేదు. గ్లౌజుల్లో అరచేతి కింద, మణికట్టు పక్కనున్న భాగం అరిగిందేమో చూడండి.

మనలో ఎక్కువమంది వేసుకునేది మామూలు చొక్కా, జీన్సే కదా. ఏం ఫర్వాలేదు, అవీ సాక్ష్యం చెబుతాయి. ప్యాంటు తుంటి దగ్గర చిరిగిందా, బూటు సోలు పక్కకు ఊడిందా, బెల్టు బకిల్ గీసుకుపోయిందా చూడండి. జేబులోని ఫోన్ వెనక భాగం ఉబ్బినట్టుంటే ఛార్జింగ్ పెట్టకుండా సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి.

5. ఆ గుర్తులు పట్టుకుని మళ్లీ ఒంటి దగ్గరకు రండి

హెల్మెట్ మీద మచ్చ ఉంటే 24 నుంచి 48 గంటలు ఒంటరిగా ఉండకండి. తలనొప్పి పెరగడం, పదేపదే వాంతులు, అడిగిందే అడగడం, విపరీతమైన మగత, మాట తడబడటం, ఫిట్స్, కనుపాపలు ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా కనిపించడం, వీటిలో ఒక్కటి ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ఏ లక్షణమూ లేకపోయినా డాక్టరుకు చూపించుకోవాలి. నొప్పికి పారాసెటమాల్ చాలు. తలకు దెబ్బ తగిలిందనే అనుమానం ఉంటే డాక్టరు చెప్పకుండా ఆస్ప్రిన్, బ్రూఫెన్ లాంటివి మింగకండి.

గ్లౌజు అరచేయి, లేదా మీ అరచేయే దోక్కుపోయి ఉంటే బొటనవేలు పైకెత్తండి. దాని మొదట్లో, మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పిగా ఉంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లి ఉండొచ్చు. ఇది మొదటి రోజు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. అందుకే పట్టీ వేసి, పది పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ తీయిస్తారు. "బెణికిందిలే" అని వదిలేస్తే ఆ ఎముక అతుక్కోక చాలాకాలం వేధిస్తుంది.

హ్యాండిల్ పొట్టలో పొడుచుకున్నా, బకిల్ గీసుకుపోయినా పొట్ట మీద కన్నేసి ఉంచండి. నొప్పి పెరుగుతున్నా, పొట్ట గట్టిపడినా, ఎడమ భుజంలో కారణం లేకుండా నొప్పి వచ్చినా, మూత్రంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకూడదు.

దోక్కుపోయిన చోట పసుపు, కాఫీపొడి, టూత్‌పేస్ట్ వద్దు. ధారగా నీళ్లు, సబ్బుతో కడిగి, ఇసుక రేణువులన్నీ పోయేదాకా ఓపిగ్గా శుభ్రం చేయాలి. మంట పుడుతుంది, తప్పదు. లోపల మిగిలిన మట్టి చర్మంలోనే నల్ల మచ్చగా ఉండిపోతుంది. మందుల షాపులో పారఫిన్ గాజ్ అని అడిగితే పుండుకు అతుక్కోని పట్టీ ఇస్తారు. ఒట్టి దూది పెడితే రేపు ఊడదీసేటప్పుడు కొత్త చర్మం కూడా వచ్చేస్తుంది. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుని ఐదేళ్లు దాటినా, ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోయినా వీలైతే ఆ రోజే వేయించుకోండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం.

మర్నాడు లేవగానే ఒళ్లంతా హూనమైనట్టుంటే అది మామూలే, కండరాల నొప్పి రెండో రోజే ఎక్కువ. రోజురోజుకూ తగ్గాలి, అంతే.

6. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయాలా?

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ బండి రిపేరుకు డబ్బు రాదు. మీ బండి నష్టానికి కూడా డబ్బు ఇచ్చే ప్యాకేజీ పాలసీ ఉంటే బండి విప్పకముందే కంపెనీకి చెప్పాలి, సర్వేయర్ చూశాకే మెకానిక్ చెయ్యి పెట్టాలి. అద్దం, లివర్, ఇండికేటర్ లాంటి వాటికి క్లెయిమ్ చేయడం నా లెక్కలో నష్టమే. క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపే నో క్లెయిమ్ బోనస్. మొదటి ఏడాది 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే ఆ బోనస్ ఒక్క క్లెయిమ్‌తో సున్నా అవుతుంది. ఫోర్కు, చాసీ, అల్లాయ్ చక్రం దాకా వస్తే మాత్రం మొహమాటపడకుండా చేయండి.

7. మళ్లీ ఎక్కేటప్పుడు

మెడ రెండు భుజాల వైపూ పూర్తిగా తిరుగుతోందా, సడన్ బ్రేక్ వేసేంత పట్టు చేతికి వచ్చిందా చూసుకోండి. రెండూ ఉంటేనే బండి తీయండి. మొదట ఖాళీ మైదానంలో నెమ్మదిగా నడుపుతూ రెండు బ్రేకులూ విడివిడిగా వేసి చూడండి. తిన్నటి రోడ్డు మీద బండి ఒక పక్కకు లాగుతున్నా, హ్యాండిల్ మధ్యలో టక్కుమని పట్టేసినట్టున్నా కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు), ఫోర్కు మళ్లీ చూడమని మెకానిక్‌కు చెప్పండి. సరిగ్గానే ఉందనిపించినా వారం తిరిగాక ఒకసారి వెళ్లి ఫోర్కు క్లాంపు, హ్యాండిల్, ఫుట్‌రెస్ట్ బోల్టులు మళ్లీ బిగించమనండి. దానికి ఐదు నిమిషాలు పట్టదు, చాలా షాపుల్లో డబ్బులు కూడా అడగరు.