వీల్ నట్లు విప్పడానికి ఒక పనిముట్టు, బిగించడానికి మరొకటి

చక్రం నట్లను విప్పడానికీ తిరిగి బిగించడానికీ ఒకే పానా చాలునని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ రెండూ వేర్వేరు పనులు. విప్పేటప్పుడు కావలసింది పొడవైన కాడ ఇచ్చే బలం. బిగించేటప్పుడు కావలసింది ఖచ్చితమైన కొలత. ఈ తేడాను దృష్టిలో ఉంచుకుంటే ఏది కొనాలో, ఏది వద్దో తేల్చుకోవడం సులువవుతుంది.

ముందుగా విప్పే పనిని చూద్దాం. వాహనంతో పాటు వచ్చే పానా సాధారణంగా పొట్టిగా ఉంటుంది. ఒక నట్టు 110 న్యూటన్ మీటర్ల టార్క్‌తో, అంటే తిప్పే బలంతో, బిగించి ఉందనుకుంటే, 25 సెంటీమీటర్ల కాడతో దానిని కదిలించాలంటే చివర సుమారు 45 కిలోల బరువుకు సమానమైన బలం వేయాలి. అదే 60 సెంటీమీటర్ల కాడతో 19 కిలోలు సరిపోతుంది. తుప్పు పట్టిన నట్టుకు ఇంకా ఎక్కువ బలమే కావాలి. అందుకే చాలామంది పొట్టి పానా మీద కాలు పెట్టి ఎక్కి తొక్కుతారు. ఇది చాలా ప్రమాదకరం: పానా జారితే మనిషి కింద పడతాడు, నట్టు అంచులు అరిగిపోతాయి. కాడకు ఇనుప గొట్టం తొడిగి పొడవు పెంచడం కూడా మంచిది కాదు, ఎందుకంటే ఆ పానాను అంత బలానికి తయారు చేయలేదు. దీనికి సరైన పరికరం బ్రేకర్ బార్ అనే పొడవైన కాడ: అరంగుళం డ్రైవ్‌తో (సాకెట్ తొడిగే చదరపు కొనతో), సుమారు 60 సెంటీమీటర్ల పొడవున్నది తీసుకోండి. ఇందులో రాచెట్ పళ్లు (ఒకే వైపు తిరిగేలా చేసేవి) ఉండవు కనుక విరిగేవి తక్కువ. నాలుగు చేతుల ప్లస్ ఆకారపు పానా కూడా ఉపయోగమే. రెండు చేతులతో సమానంగా తిప్పవచ్చు, అయితే మొండి నట్టు దగ్గర దాని చేయి పొడవు చాలకపోవచ్చు.

కాడ ఎంత మంచిదైనా సాకెట్, అంటే నట్టుపై తొడిగే గొట్టం లాంటి ముక్క, సరిగా లేకపోతే ఫలితం ఉండదు. పన్నెండు మూలల సాకెట్ నట్టు మూలలను మాత్రమే పట్టుకుంటుంది. ఆరు మూలలది పక్క తలాలను పట్టుకుంటుంది, కాబట్టి అంచులు గుండ్రబడే అవకాశం బాగా తక్కువ. కార్ల నట్లలో 17, 19, 21 మిల్లీమీటర్లవి ఎక్కువగా కనిపిస్తాయి. స్టడ్డు (నట్టు ఎక్కే మర గల కడ్డీ) చివర నట్టు నుంచి బయటికి వచ్చి ఉంటే లోతైన సాకెట్ అవసరం. అల్లాయ్ చక్రాలలో నట్టు గుంట ఇరుకుగా ఉంటుంది, అందువల్ల పలుచని గోడ గల సాకెట్, వీలైతే పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నది, గీతలు పడకుండా కాపాడుతుంది. ఇక్కడ ఒక చిక్కు గురించి చెప్పాలి. కొన్ని వాహనాల నట్లకు పైన పలుచని లోహపు టోపీ ఉంటుంది. లోపల తుప్పు చేరితే అది ఉబ్బి, మామూలు సాకెట్ ఎక్కదు. అప్పుడు వదులుగా ఉండే పెద్ద సాకెట్‌తో సర్దుకోకండి; టోపీ చిరిగి నట్టు మొత్తం పాడవుతుంది. అలాంటి నట్లను మెకానిక్‌తో తీయించి, ఒకే ముక్కగా తయారైన నట్లు వేసుకోవడం శాశ్వత పరిష్కారం.

దొంగతనం నుంచి రక్షణ కోసం వేసిన లాక్ నట్టు ఉంటే దాని తాళపు ముక్క వాహనంలో ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోవాలి. దానిని ఇంపాక్ట్ రెంచ్‌తో (దెబ్బలు కొడుతూ నట్టును తిప్పే యంత్రంతో) తిప్పకూడదు. తాళపు పళ్లు విరిగిపోతాయి.

ఇంపాక్ట్ రెంచ్ విప్పడానికి మాత్రం అద్భుతంగా పనిచేస్తుంది. నల్లని, మందపు గోడ గల ఇంపాక్ట్ సాకెట్‌నే దానికి వాడాలి. మెరిసే క్రోమ్ సాకెట్ దెబ్బలకు పగిలి ముక్కలు ఎగరవచ్చు, కాబట్టి రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. దీనితో చివరి బిగింపు చేయడం నేను ఒప్పుకోను. ఎంత బిగిసిందో తెలియదు. అతిగా బిగిస్తే స్టడ్డు సాగుతుంది, బ్రేక్ డిస్కు వంకర పోవచ్చు.

బిగింపుకు టార్క్ రెంచ్ కావాలి, అంటే మనం పెట్టిన విలువకు చేరగానే క్లిక్‌మనే పానా. 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల పరిధి గల అరంగుళం డ్రైవ్ రెంచ్ చాలా కార్లకు సరిపోతుంది, ఎందుకంటే వాటి నట్లకు చెప్పే విలువలు ఎక్కువగా 80 నుంచి 140 మధ్య ఉంటాయి. మీ వాహనానికి సరైన సంఖ్య యజమాని పుస్తకంలోనే చూడండి, కొలమానాన్ని కూడా గమనించండి: 100 న్యూటన్ మీటర్లు పెట్టాల్సిన చోట 100 ఫుట్ పౌండ్లు పెడితే దాదాపు 136 న్యూటన్ మీటర్ల బిగింపు పడుతుంది. పిడినే పట్టుకుని నిదానంగా లాగండి. క్లిక్ వినగానే ఆపండి, మరోసారి నొక్కితే అదనపు బిగింపు పడుతుంది. ఈ రెంచ్‌తో ఎప్పుడూ నట్లు విప్పకండి. పని అయ్యాక దానిని కనిష్ఠ విలువకు తగ్గించి పెట్టెలో ఉంచండి, లేకుంటే లోపలి స్ప్రింగు బలహీనపడి కొలత తప్పుతుంది.

పని క్రమం ఇలా ఉండాలి. గట్టి, సమమైన నేల మీద వాహనాన్ని ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఎదురు చక్రానికి అడ్డం పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లను పావు చుట్టు వదులు చేసి, ఆ తరువాతే జాకీ ఎత్తండి. గాలిలో తిరిగే చక్రంపై బలం వేస్తే వాహనం జాకీ నుంచి జారవచ్చు. చక్రం ఆనే తలాన్ని, స్టడ్డు మరలను తీగ బ్రష్షుతో శుభ్రం చేయండి, కానీ తయారీదారు చెప్పకపోతే నూనె, గ్రీజు పూయకండి. మనం వేసే టార్క్‌లో అధిక భాగం రాపిడికే ఖర్చవుతుంది. నూనె దానిని తగ్గిస్తే అదే క్లిక్‌కు స్టడ్డుపై ఎంతో ఎక్కువ లాగుడు పడుతుంది. నట్లను వేళ్లతో చివరి వరకు తిప్పండి. శంకు ఆకారపు ముఖం చక్రం వైపు ఉండాలి. తరువాత ఒకదాని ఎదురుగా ఉన్న నట్టును బిగిస్తూ, నక్షత్రం గీసినట్టు వెళ్లండి. చక్రం నేలను తాకాక పూర్తి విలువకు బిగించండి.

50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక, చక్రం చల్లబడి ఉన్నప్పుడు అదే విలువతో మళ్లీ చూడండి. క్లిక్‌కు ముందు ఏ నట్టయినా గమనించదగినంత తిరిగితే, దాని కింద మట్టి చేరిందేమో, ముఖం సరిగా కూర్చోలేదేమో చక్రం తీసి పరిశీలించాలి.