బోన్ గ్రాఫ్ట్ వేయించుకుంటున్నారా? ముందూ తర్వాతా ఈ జాగ్రత్తలు

పన్ను తీసేసిన చోట దవడ ఎముక కరిగిపోతూ వస్తుంది. మొదటి ఆరు నెలల్లోనే చాలావరకు సన్నబడుతుంది. అక్కడ ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు, నిలవాలంటే ఎముక చాలదు కాబట్టి బోన్ గ్రాఫ్ట్ వేస్తారు. ఎముకవో, ఎముకలాంటి పదార్థానివో రవ్వలాంటి గింజలు నింపి, పైన మెంబ్రేన్ అనే పల్చటి పొర కప్పి కుట్లు వేస్తారు. చిగురు త్వరగా పెరుగుతుంది, ఎముక నెమ్మదిగా పెరుగుతుంది. చిగురు లోపలికి చొరబడకుండా ఆపడమే ఆ పొర పని. గింజల మధ్య గడ్డకట్టిన రక్తంలోకి కొత్త రక్తనాళాలు వచ్చి, ఎముక తయారు కావాలి. ఆ గింజలు కదిలితే ఎముకకు బదులు మెత్తటి కండ పెరుగుతుంది. కాబట్టి గ్రాఫ్ట్ కదలకుండా చూసుకోవడమే మీ వంతు.

డేట్ తీసుకునే ముందు షుగర్ సంగతి తేల్చుకోండి. ఆ ఉదయం రీడింగ్ బాగుందని సరిపెట్టుకోకండి, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. అది 8 శాతం దాటితే, తొందరలేని ఈ సర్జరీని వాయిదా వేయడమే మంచిది.

ఇంట్లో పెద్దవాళ్ళకు చేయిస్తుంటే ఎముకల బలానికి వాడే మందుల గురించి తప్పకుండా అడగండి. వారానికో మాత్ర, ఆరు నెలలకో ఏడాదికో ఒక ఇంజెక్షన్ ఉంటాయి. ఏడాదికోసారి వేసే ఇంజెక్షన్‌ను మందుగా లెక్కపెట్టక డాక్టరుకు చెప్పడం మర్చిపోతారు. అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ లాంటివి వాడేవారిలో ఒక్కోసారి దవడ ఎముక బయటపడి మానకుండా ఉండిపోతుంది. అలాగని మీ అంతట మీరు వాటిని ఆపేయకండి, రక్తం పలచబడే మాత్రలూ అంతే. రాసిన డాక్టరూ పళ్ళ డాక్టరూ మాట్లాడుకుని నిర్ణయించాలి.

గ్రాఫ్ట్ దేనితో చేసిందో కూడా ముందే అడగండి. మన ఎముకే కావచ్చు, మనిషి దాతది కావచ్చు, ఆవుది, పందిది, కృత్రిమమైనది కావచ్చు. పైన కప్పే పొర కూడా తరచుగా జంతువుల కొలాజెన్‌దే. నమ్మకాల దృష్ట్యా అభ్యంతరం ఉంటే అప్పుడే చెప్పాలి, వేశాక తీయడం కుదరదు. ప్యాకెట్ మీది బ్యాచ్ స్టిక్కర్‌ను మీ ఫైల్లో అంటించమనండి.

సిగరెట్, చుట్ట, గుట్కా ఏదైనా కనీసం రెండు వారాల ముందు మానేసి, తర్వాత రెండు నెలలు ముట్టుకోకండి. గ్రాఫ్ట్‌ను పాడుచేసేవాటిలో పొగాకు ముందుంటుంది.

సర్జరీ రోజు ఉమ్మకండి, పుక్కిలించకండి. కొబ్బరి నీళ్ళు స్ట్రాతో కాకుండా గ్లాసులో పోసుకుని తాగండి. ఐస్ ప్యాక్ బయట బుగ్గమీదే పెట్టండి, గాయం మీద లవంగం, పసుపు వద్దు. పెరుగన్నం, చల్లారిన రాగిజావ చాలు, కారం, వేపుళ్ళు కొన్నాళ్ళు పక్కన పెట్టండి. అద్దం ముందు పెదవి ఎత్తి కుట్లు చూసుకోవడం చాలామందికి అలవాటు. ముందు పళ్ళ దగ్గర వేసిన కుట్లు అలా ఎత్తినప్పుడే లాగుకుపోతాయి. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళుంటే డాక్టరు సరిచేసేదాకా పెట్టుకోకండి.

పై దవడ వెనక భాగంలో సైనస్ లిఫ్ట్ (పళ్ళ పైనుండే గాలి గది అడుగు పొరను ఎత్తి గ్రాఫ్ట్ నింపడం) చేసి ఉంటే ఇంకో మెట్టు జాగ్రత్త అవసరం. ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. కపాలభాతి, శంఖం ఊదడం, బెలూన్లు ఊదడం డాక్టరు సరేననేదాకా వద్దు. సెలవుల్లో హైదరాబాద్ వచ్చి చేయించుకునే ఎన్నారైలు, ఎప్పుడు విమానం ఎక్కవచ్చో, కుట్లు ఎవరు తీస్తారో తేల్చుకున్నాకే టికెట్ బుక్ చేసుకోవాలి.

రెండు మూడు రోజులు వాపు పెరగడం మామూలే. ఇసుకలా నాలుగైదు గింజలు నోట్లోకి వచ్చినా టెన్షన్ పడకండి. కానీ మూడో రోజు తర్వాత కూడా వాపు పెరుగుతున్నా, చీము, జ్వరం ఉన్నా, పొర బయటపడి కనిపించినా, మర్నాటికీ కింది పెదవి తిమ్మిరి వదలకపోయినా వెంటనే ఫోన్ చేయండి. మింగడం కష్టమైనా, నొక్కిపట్టినా రక్తం ఆగకపోయినా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్ళండి.