పాత కారులో వచ్చిపోయే మిస్సింగ్: ఎప్పుడొస్తోందో గమనిస్తే ఎక్కడుందో దొరుకుతుంది

సిలిండర్లో పెట్రోలు సరిగా అంటుకోక ఇంజిన్ తడబడటమే మిస్సింగ్. ఎప్పుడూ మిస్సింగ్ కొట్టే బండిని బాగుచేయడం తేలికే. మెకానిక్ ముందు బుద్ధిగా నడిచి, తిరుగు దారిలో జర్కులిచ్చే బండితోనే అసలు తలనొప్పి. ఇలాంటప్పుడు చాలామంది ప్లగ్గులు (స్పార్క్ కొట్టేవి), కాయిల్ (వాటికి ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది), ఇంజెక్టర్లు (పెట్రోలు చిమ్మేవి) వరసపెట్టి మార్చేస్తారు. అది దండగ ఖర్చు అని నా అభిప్రాయం. ముందు ఒక కాగితం కారులో పెట్టుకుని, మిస్సింగ్ వచ్చిన ప్రతిసారీ రాసుకోండి: ఇంజిన్ చల్లగా ఉందా, వేడెక్కిందా? గాలిలో తేమ ఉందా? బండి ఎత్తు ఎక్కుతోందా, ఊరికే ఐడిలింగ్‌లో ఉందా?

ఒక జాగ్రత్త. చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉండటం వేరు, ఆరుతూ వెలుగుతూ ఉండటం వేరు. రెండోదైతే కాలని పెట్రోలు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని అర్థం. అలాగే నడిపితే కన్వర్టర్ పోతుంది. యాక్సిలరేటర్ వదిలి, వీలైన చోట బండి ఆపేయండి.

వాన పడినప్పుడు, పొద్దున్నే తేమలో వస్తోంది

డిస్ట్రిబ్యూటర్ (కాయిల్ కరెంటును వంతులవారీగా ప్లగ్గులకు పంచేది) ఉన్న బండి అయితే ముందు ప్లగ్ వైర్లనే అనుమానించాలి. రబ్బరు పగుళ్లలోకి తేమ చేరితే కరెంటు ప్లగ్ దాకా పోకుండా పక్కనున్న ఇనుముకు దూకేస్తుంది. ఎండెక్కి తేమ ఆరగానే బండి మామూలైపోతుంది. చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా వైర్ల మీద కొద్దిగా నీళ్లు తుంపరలా కొట్టి చూడండి. లీకున్న చోట చిటపటమంటూ నీలి మెరుపు కనిపిస్తుంది. చేతులు మాత్రం దూరంగా ఉంచండి, అందులో 20,000 వోల్టులకు పైగా రావచ్చు.

వైర్లు బాగుంటే ఇంజిన్ ఆపి, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ ఊడదీసి లోపల టార్చి వేసి చూడండి. రెండు టెర్మినళ్ల మధ్య పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్లగీత ఉంటే అది కరెంటు పక్కకు పోయే కార్బన్ దారి. దాన్ని గీకి శుభ్రం చేస్తే సరిపోతుందనుకోకండి, కొన్నాళ్లకు మళ్లీ అదే దారి పడుతుంది. క్యాప్, దాని లోపల తిరిగే రోటర్ రెండూ మార్చండి. వైర్లలో ఒకటి పోతే సెట్టంతా మార్చడమే మంచిది, మిగతావాటి వయసూ అంతే కదా.

ఎత్తు ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు వస్తోంది

యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే సిలిండర్లోకి గాలి ఎక్కువ చేరి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో స్పార్క్ దూకాలంటే వోల్టేజీ ఎక్కువ కావాలి. ప్లగ్ అరిగి, స్పార్క్ దూకే కొనల మధ్య గ్యాప్ పెరిగినా, కాయిల్ నీరసించినా దొరికిపోయేది ఇక్కడే. చాలా పెట్రోలు బండ్లలో గ్యాప్ 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూసి, ఫీలర్ గేజ్‌తో (సన్నని కొలత రేకులతో) కొలవండి.

ప్లగ్గులు తీసినప్పుడు ఏది ఏ సిలిండర్‌దో వరస కలిసిపోకుండా పెట్టుకోండి. లేత గోధుమ రంగు మంచిదే. పొడిగా నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది. జిడ్డుగా తడిసి ఉంటే ఇంజిన్ ఆయిల్ లోపలికి వస్తోంది. తెల్ల పింగాణీ మీద నిలువునా నల్లగీత ఉంటే స్పార్క్ బయటి నుంచే జారిపోతోంది. ప్లగ్ కూర్చునే గుంతలో ఆయిల్ నిలిచిందేమో కూడా చూడండి. ఉంటే టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగ్ మార్చనిదే కొత్త ప్లగ్గులు వేసి లాభం లేదు.

ప్లగ్గులన్నీ బాగుండి, జర్కులా కాక బండి బరువెక్కినట్టు పికప్ తగ్గుతుంటే ఫ్యూయల్ ఫిల్టర్, పంపు ప్రెషర్ చూడాలి.

వేడెక్కాక మొదలవుతోంది

కాయిల్ లోపలి చుట్టల ఇన్సులేషన్ చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, వేడికి లీకవుతుంది. సిలిండర్‌కో కాయిల్ ఉన్న బండిలో దీన్ని పట్టుకోవడం సులువు. బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్‌లో పీ0302 వచ్చిందంటే మిస్సింగ్ రెండో సిలిండర్‌లో. ఇంజిన్ ఆపి ఆ కాయిల్‌ని మూడో దానితో మార్చి, కోడ్ చెరిపి, బండిని మళ్లీ బాగా వేడెక్కేదాకా నడపండి. కోడ్ పీ0303గా మారితే తప్పు కాయిల్‌దే. కోడ్ రెండో సిలిండర్ దగ్గరే ఉండిపోతే ప్లగ్, కనెక్టర్, ఇంజెక్టర్ వైపు వెళ్లండి. కనెక్టర్ పిన్నులకు పచ్చటి చిలుము పట్టడం పాత బండ్లలో మామూలే.

పీ0300 వస్తే ఒకే సిలిండర్‌ది కాదు. అప్పుడు అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని వెతకాలి: ఒకే కాయిల్ ఉన్న బండిలో ఆ కాయిల్, పెట్రోలు ప్రెషర్, గాలి లీకు.

ఐడిలింగ్‌లో ఉండి, రేస్ చేస్తే పోతోంది

ఇంజిన్ గాలి పీల్పుకు కలిసి ఉండే వ్యాక్యూమ్ గొట్టం ఎండి పగిలి, అదనపు గాలి దూరుతుండవచ్చు. రేస్ చేసినప్పుడు ఇంజిన్ పీల్చే గాలే ఎక్కువ కాబట్టి లీకు లెక్కలోకి రాదు. బుస్సుమనే శబ్దం కోసం చెవి పెట్టండి. ఫ్యాను, బెల్టులకు చెయ్యి దూరంగా ఉంచి, ఒక్కో గొట్టాన్ని మెల్లగా నొక్కిపట్టండి. ఐడిలింగ్ తిన్నగా అయితే లీకు ఆ గొట్టంలోనో, అది వెళ్లే చోటో ఉంది. వేడి ఇంజిన్ మీద మండే స్ప్రేలు కొట్టి వెతకొద్దు, నిప్పు అంటుకుంటుంది. దొరకకపోతే స్మోక్ టెస్ట్ (పొగ పంపి లీకు పట్టడం) చేయించండి.

పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు వచ్చి పోతోంది

దీంతోపాటు తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తూ, రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ప్యాకింగ్) లీకై రాత్రంతా సిలిండర్లోకి ఆ నీళ్లు, అంటే కూలెంట్, దిగుతోందేమో చూడాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలింగ్ సిస్టమ్‌కి ప్రెషర్ టెస్ట్ చేయిస్తే తేలుతుంది. నీళ్లు తగ్గకపోతే సిలిండర్లలో కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) కొలిపించండి. తక్కువున్న సిలిండర్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిచినప్పుడు రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వులో, గ్యాస్కెట్టో. ఏదైనా ఇంజిన్ విప్పే పనే కాబట్టి, విప్పించే ముందు బండికి ఆ ఖర్చు తగునో లేదో లెక్క వేసుకోండి.