చెట్లూ నీళ్లూ ఉన్న గరుకు పెయింటింగ్‌ని ఎట్లా చూడాలి

నారాయణగూడలో ఫ్రేములు కట్టే షాపు నాది. ఒడ్డున చెట్లు, నీళ్లలో వాటి ప్రతిబింబం, చేతికి తగిలేంత దట్టమైన రంగు ఉన్న బొమ్మలు చాలా వస్తుంటాయి. "బాగుంది కానీ ఇందులో ఏం చూడాలండీ?" అని అడుగుతారు తెచ్చినవాళ్లు.

ముందు ఎదురుగా నిలబడకండి. గదిలో లైటార్పి, ఫోన్ టార్చి బొమ్మ అంచు దగ్గర పెట్టి వెలుగు అడ్డంగా పడనివ్వండి. రంగు ఎక్కడ ముద్దగా లేచిందో, ఎక్కడ కాన్వాసు నేత కనబడేంత పలచగా ఉందో అప్పుడు తెలుస్తుంది. పాలెట్ నైఫుతో, అంటే రంగు పూసే పలచని కత్తితో, లాగితే రంగు అంచున సన్నని గట్టు నిలుస్తుంది, బ్రష్షైతే కుచ్చు గీతలు పడతాయి. మ్యూజియంలో టార్చి వద్దు, పక్కకు జరిగి కాస్త వంగితే చాలు.

నా లెక్కలో అసలు సంగతి ఆ మందంలోనే ఉంది. చెట్లు ముద్దగా, నీళ్లు నున్నగా ఉంటే చిత్రకారుడి మనసు ఒడ్డు మీద ఉన్నట్టు. ఈమధ్య ఒకటి వచ్చింది: మొదళ్లకు నీళ్లలాంటి పలచని గోధుమరంగు, కింద ప్రతిబింబంలో మాత్రం పసుపు, నీలం నైఫుతో అడ్డంగా పొరలు పొరలుగా. అందులో చెట్లు సాకు మాత్రమే, బొమ్మంతా నీటి మీది వెలుగు గురించే.

తర్వాత పై సగాన్ని, కింది సగాన్ని పోల్చండి. నీళ్లలో నల్లటి మొదలు కాస్త తేలికపడుతుంది, ఆకాశం కాస్త ముదురుతుంది. నీళ్లే ఆకాశం కన్నా వెలుగుతున్నాయంటే అది కావాలని చేసిందే, ఎందుకో ఆలోచించండి. నీడ ఎండను బట్టి ఎటైనా పడుతుంది కానీ ప్రతిబింబం ఎప్పుడూ నిటారుగా మనవైపే దిగుతుంది. అది అడ్డగీతలతో చెదిరిందంటే గాలి ఉందన్నమాట. అనుమానముంటే పొద్దున్నే గండిపేటకో దుర్గం చెరువుకో వెళ్లి చూడండి. బొమ్మను ఫోటో తీసి తలకిందులు చేసినా తేడాలు పట్టుబడతాయి.

1891లో ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే ఎప్ట్ నది ఒడ్డున పోప్లర్ చెట్ల వరుసను వేస్తుంటే, వాటిని నరకడానికి వేలం పెట్టారు. కలప వ్యాపారితో కలిసి డబ్బు పెట్టి, బొమ్మలు పూర్తయ్యేదాకా చెట్లను నిలబెట్టుకున్నాడు. అవే చెట్లు, వెలుగు మారినప్పుడల్లా వేరే కాన్వాసు. ఆ శ్రద్ధ తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇంట్లో పెట్టుకునేటప్పుడు వెలుగు అడ్డంగా పడేలా కిటికీ పక్క గోడకు వేలాడదీయండి, ఎదురు గోడకు కాదు. దట్టమైన ఆయిల్ రంగు పైకి ఎండినా లోపల నెలల తరబడి పచ్చిగా ఉంటుంది. అద్దం వేయిస్తే రంగుకు తగలకుండా సందు వదలమని ఫ్రేము కట్టేవాళ్లకు గట్టిగా చెప్పండి.