ఓడెక్కిన ముత్తాత ఊరు వెతకడం: డీఎన్ఏ పరీక్షను ఎలా వాడుకోవాలి

1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవులో ఆగింది. ఆనాటి నుంచి 1911 వరకు లక్షా యాభై వేల మందికి పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా అక్కడి నేటాల్ ప్రాంతపు చెరకు తోటలకు చేరుకున్నారు; వారిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు. మారిషస్‌కు 1834 నుంచే ఈ వలస సాగింది. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. అలా వెళ్లినవారి మనవలు, మునిమనవలు ఇప్పుడు డీఎన్ఏ కిట్ తెప్పించుకుని, తమ మూలం ఏ ఊరో తెలుసుకోవాలని తపిస్తున్నారు. వారికోసం, అలాగే ఎక్కడో డర్బన్ నుంచి హఠాత్తుగా 'మనం బంధువులం' అంటూ సందేశం అందుకునే మన ప్రాంతపు వారి కోసం ఈ వివరాలు రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. డీఎన్ఏ పరీక్ష ఊరి పేరు చెప్పదు. అది బంధువును చూపిస్తుంది; ఊరి పేరు ఆ బంధువు నోటి నుంచో, పాత కాగితం నుంచో రావాలి. ఫలితాలలో మొదట కంటబడే రంగురంగుల పటాన్నీ, 'దక్షిణ భారతం ఇంత శాతం' అనే అంకెనూ చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ శాతాలు కంపెనీ తన దగ్గరున్న నమూనాలతో పోల్చి వేసిన అంచనాలు మాత్రమే. నమూనాలు పెరిగినప్పుడల్లా అవి మారుతాయి. బొబ్బిలి వారికీ భీమవరం వారికీ తేడా చెప్పగల సూక్ష్మత వాటికి లేదు. మన పని అంతా 'మ్యాచ్‌ల జాబితా', అంటే మీతో డీఎన్ఏ కలిసినవారి పేర్లు ఉండే రెండో పేజీలో ఉంటుంది.

ఎవరికి పరీక్ష చేయించాలి

ఇంట్లో బతికి ఉన్నవారిలో అందరికంటే పెద్ద తరం వారికి ముందు చేయించండి. కుర్రవాళ్లకు ఉత్సాహం ఉంటుంది కాబట్టి వారే ముందు చేయించుకుంటారు గాని, అది డబ్బు వృథా చేసుకోవడమే అవుతుంది. కారణం లెక్కలోనే ఉంది. 1890లో ఒక అన్న ఓడెక్కాడు, తమ్ముడు ఊళ్లోనే ఉండిపోయాడు అనుకుందాం. ఆ అన్న మనవడికీ, ఈ తమ్ముడి మనవడికీ మధ్య ఉమ్మడిగా ఉండే డీఎన్ఏ సగటున 230 సెంటీమోర్గాన్‌లు. సెంటీమోర్గాన్ అంటే ఉమ్మడి డీఎన్ఏ పొడవును కొలిచే ప్రమాణం. ఇంకో తరం దిగి మునిమనవల దగ్గరకు వస్తే సగటు 70 చిల్లరకు పడిపోతుంది, పదింట ఒక జంటకు అసలు మ్యాచే కనబడదు. ఆ తరువాతి తరంలో సుమారు సగం మందికి ఏమీ కనబడదు. ఎనభై అయిదేళ్ల తాతగారి నమూనా ఒక్కటి నలుగురు మనవల నమూనాల కంటే విలువైనది అనడానికి ఇదే ఆధారం. తాతగారి అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఉంటే వారివి కూడా తీసుకోండి, ఎందుకంటే ఒకరికి రాని ముక్క మరొకరికి వచ్చి ఉంటుంది.

నమూనా ఇవ్వడం తేలికే గాని పెద్దవారి విషయంలో జాగ్రత్త కావాలి. ఉమ్మి నింపే గొట్టం వచ్చే కిట్ అయితే, అరగంట ముందు నుంచి తినకూడదు, తాగకూడదు; కిళ్లీ, పొగాకు, చుట్ట కూడా ఆపాలి. గీత వరకు నిండాలన్నది నురగ తీసేసిన లెక్క. మందుల వల్ల నోరు ఎండిపోయే వృద్ధులకు ఆ గొట్టం నింపడానికి చాలాసేపు పడుతుంది. చింతకాయను తలచుకోమంటే కాస్త నోరూరుతుంది, తొందరపెట్టకుండా పక్కన కూర్చోవాలి. నిండిన తరువాత మూత బిగిస్తే అందులోని ద్రవం కిందకు దిగి ఉమ్మిలో కలుస్తుంది, అప్పుడు కొన్ని సెకన్లు ఊపాలి. ఉమ్మి బొత్తిగా రానివారికి బుగ్గ లోపల పుల్లతో రుద్ది తీసే కిట్ మేలు. ఒకేసారి ఇద్దరివి తీస్తే గొట్టాలు తారుమారు కాకుండా ముందే పేరు రాసుకోండి.

ఏ పరీక్ష

మూడు రకాలున్నాయి. తల్లి, తండ్రి ఇరువైపుల వారినీ పట్టుకునేది ఆటోజోమల్ పరీక్ష. అయిదారు తరాల లోపు బంధువుల కోసం ఇదే మొదట చేయించాలి. యాన్సెస్ట్రీ డీఎన్ఏ, మైహెరిటేజ్, 23అండ్‌మీ వంటివి చేసేది ఇదే. వై క్రోమోజోమ్ పరీక్ష తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే నడిచే గీతను చూస్తుంది. ఫ్యామిలీ ట్రీ డీఎన్ఏ దీన్ని విడిగా చేస్తుంది. మన ఇంటిపేరు కూడా అదే గీతలో నడుస్తుంది కాబట్టి, ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలు నిజంగా ఒకే మూలపురుషుడి సంతానమా అనే ప్రశ్నకు ఇది బాగా పనికొస్తుంది. అయితే మన కుటుంబాలలో దత్తత మామూలే. ఇల్లరికపు అల్లుడి పిల్లలు అమ్మమ్మగారి ఇంటిపేరు తీసుకున్న ఉదంతాలూ ఉన్నాయి. అందుచేత ఇంటిపేరు కలిసి వై కలవకపోతే వెంటనే అపార్థాలకు పోకుండా, దత్తత జరిగిందా అని పెద్దలను అడగాలి. మూడోది తల్లి గీతను చూసే మైటోకాండ్రియా పరీక్ష. అది వేల ఏళ్ల వెనకటి కథ చెబుతుంది గాని ముత్తాత ఊరి వెతుకులాటకు పెద్దగా ఉపకరించదు.

ఏ కంపెనీ అనే ప్రశ్నకు నా సలహా: డేటాబేస్ పెద్దదైన చోట ఒక పరీక్ష చేయించి, ముడి డేటాను దించుకుని, జెడ్‌మ్యాచ్ (GEDmatch) వంటి, వేర్వేరు కంపెనీల ఫలితాలను పోల్చే సైటులో పెట్టండి. భారతదేశంలో ఉంటూ పరీక్ష చేయించుకున్నవారు తక్కువ కాబట్టి, మీకు తగిలే బంధువు అమెరికాలో స్థిరపడిన విజయనగరం కుటుంబీకులు కావచ్చు, ఫిజీ నుంచి ఆస్ట్రేలియా వెళ్లినవారూ కావచ్చు. ఆశ వదులుకోకుండా ఆర్నెల్లకొకసారి జాబితా చూస్తూ ఉండాలి.

మేనరికం లెక్క తీయడం

తెలుగువారు ఇతరుల మార్గదర్శకాలను ఉన్నదున్నట్టు పాటిస్తే తప్పటడుగు పడేది ఇక్కడే కాబట్టి, దీన్ని కాస్త విస్తరంగా చెబుతాను. మ్యాచ్ పక్కన 'ఫలానా వరస' అని సైటు చూపించే అంచనా, భార్యాభర్తలు రక్తసంబంధీకులు కారన్న ఊహ మీద కట్టినది. మనకు మేనత్త కొడుకు, మేనమామ కూతురు వరసల పెళ్లిళ్లు ఉన్నాయి. అక్క కూతురిని చేసుకునే ఆచారమూ ఉంది. మేనరికం చేసుకున్న దంపతుల బిడ్డకు ఎనిమిది మంది ముత్తాతలు, ముత్తవ్వలు ఉండవలసిన చోట ఆరుగురే ఉంటారు, ఎందుకంటే ఒక జంట రెండు దారుల్లోనూ వస్తుంది. ఆ జంట వైపు నుంచి వచ్చే బంధువుతో 230 సెంటీమోర్గాన్‌లు కలవవలసిన చోట 400 దాటి కలుస్తాయి. సైటు ఆ బంధువును ఒక తరం దగ్గరకు లాగి చూపిస్తుంది, మీరు దాన్ని నమ్మి తాత తరంలో వెతుకుతూ నెలలు గడుపుతారు.

దీనికి తోడు మనవారు శతాబ్దాలుగా కులంలోనే పెళ్లిళ్లు చేసుకున్నారు. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, కె. తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2009లో నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం, మన దేశంలో ఎన్నో సమూహాలు కొద్దిమంది మూలపురుషుల నుంచి విస్తరించి, ఆ తరువాత బయటివారితో కలవకుండా నిలిచిపోయాయని చూపింది. తెలుగునాట వైశ్యులు అందులో ప్రస్ఫుటమైన ఉదాహరణ. కాబట్టి అదే కులంలో ఏ ఇద్దరిని పోల్చినా చిన్న చిన్న ముక్కలు కలుస్తాయి. అవి బంధుత్వానికి రుజువు కావు.

చేయవలసినది ఏమిటంటే, మొత్తం అంకెను పక్కన పెట్టి, కలిసిన ముక్కలలో అన్నిటికంటే పొడవైనది ఎంతో చూడాలి. రెండు మ్యాచ్‌లు ఊహించండి. ఇద్దరితోనూ మీకు మొత్తం 120 సెంటీమోర్గాన్‌లు కలిశాయి. మొదటి వ్యక్తితో ఆ 120 పన్నెండు ముక్కలుగా, ఒక్కొక్కటి పది చొప్పున ఉంది. రెండో వ్యక్తితో మూడే ముక్కలున్నాయి, అందులో ఒకటి 58. మొదటివారు బహుశా కులం ద్వారా వచ్చిన దూరపు పోలిక; రెండోవారితో మీకు కొద్ది తరాల కిందటే ఉమ్మడి పూర్వీకులు ఉండి ఉంటారు, వారికే ఉత్తరం రాయాలి. పొడవైన ముక్క 30 దాటినవారిని ముందు పట్టుకోండి, 15 కంటే చిన్న ముక్కలను లెక్కలోంచి తీసేయండి. యాన్సెస్ట్రీ ముక్కల పటం చూపించదు గాని, అతి పొడవైన ముక్క ఎంతో చెబుతుంది. జెడ్‌మ్యాచ్‌లో 'మీ తల్లిదండ్రులు రక్తసంబంధీకులా' అని చూసే సాధనం ఉంది. మన ఇళ్లలో జవాబు 'అవును' అని రావడంలో వింత లేదు; ఎంత దగ్గర అన్నది తెలిస్తే అంకెలను ఎంత తగ్గించుకోవాలో తెలుస్తుంది.

కాగితంతో కలపడం

మ్యాచ్ ఒక్కటే గాలిలో వేలాడుతుంది, దానికి కాగితం కావాలి. నేటాల్ ఓడల జాబితాలలో ప్రతి కూలీకి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీద గుర్తులు రాసి ఉంటాయి. క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయపు గాంధీ-లుతులి కేంద్రంలో వీటిని చూడవచ్చు. మారిషస్‌వారికి మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్, ఫిజీవారికి ఆ దేశపు జాతీయ ఆర్కైవ్స్ దిక్కు. మీ పూర్వీకుడి కూలీ నంబరు పెళ్లి కాగితం మీదో జనన పత్రం మీదో ఉండవచ్చు, ముందు దాన్ని వెతకండి.

ఆ జాబితాలలో ఊరి పేర్లు గుమాస్తా చెవికి వినబడినట్టు రాసినవి. చికాకోల్ అంటే శ్రీకాకుళం, బిమ్లిపటం అంటే భీమునిపట్నం, కొకనాడ అంటే కాకినాడ. గంజాం జిల్లా అని ఉంటే ఒడిశాకే పోనక్కరలేదు, 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు శ్రీకాకుళం ప్రాంతం గంజాంలోనే ఉండేది. ఆనాటి విశాఖపట్నం జిల్లాలో నేటి విజయనగరం, అనకాపల్లి, పార్వతీపురం అన్నీ ఉన్నాయి. కొత్తవలస, రామవరం వంటి పేర్లతో ఊళ్లు ఎన్నో ఉంటాయి కాబట్టి తాలూకా పేరు లేకుండా నిర్ణయానికి రాకూడదు. మనిషి పేరు కూడా దారి చూపిస్తుంది. వలస వెళ్లినచోట తాత పేరే ఇంటిపేరుగా స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అది అప్పలస్వామి, అప్పన్న, సింహాద్రి వంటిదైతే సింహాచలం అప్పన్నను కొలిచే ఉత్తరాంధ్ర వైపు చూడటం సమంజసం.

ఇప్పుడు మ్యాచ్‌ను, కాగితాన్ని పక్కపక్కన పెట్టండి. 58 సెంటీమోర్గాన్‌ల ముక్క కలిసినవారి తాతగారి ఊరు, మీ ముత్తాత పేరు పక్కనున్న తాలూకాలోనే ఉంటే వెతుకులాట ఒక కొలిక్కి వచ్చినట్టే. ఆ మ్యాచ్‌తోనూ మీతోనూ కలిసే మూడోవారు, అదే ప్రాంతం వారు దొరికితే నమ్మకం ఇంకా పెరుగుతుంది. ఊళ్లో నోటి వంశావళులు కూడా ఆరా తీయండి. కాపు, రెడ్డి కుటుంబాల గోత్రాలు చెప్పే పిచ్చికుంట్లవారు, అంటే నేటి వంశరాజులు, గొల్లలకు మందహెచ్చులవారు తరతరాల పేర్లు ఏకరువు పెట్టగలిగినవారు. వారి జ్ఞాపకం చాలా కాగితాల కంటే వెనక్కు వెళుతుంది.

ఒప్పుదల, భద్రత

డీఎన్ఏ ఒక్కరిది కాదు, మీరు ఇస్తే మీ అన్నదమ్ములదీ సగం ఇచ్చినట్టే. ఇంట్లో ముందే చెప్పండి, వృద్ధులకు వారి భాషలో వివరించి సమ్మతి తీసుకోండి. తండ్రి అనుకున్నవారు తండ్రి కాదనే ఫలితం కూడా రావచ్చు, దాన్ని ఎవరికి ఎలా చెబుతారో పరీక్షకు ముందే ఆలోచించుకోవాలి. 2023లో 23అండ్‌మీ నుంచి సుమారు 69 లక్షల మంది వివరాలు బయటకు పొక్కాయి, 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది. జెడ్‌మ్యాచ్ ద్వారా 2018లో కాలిఫోర్నియా పోలీసులు ఒక పాత హంతకుడిని పట్టుకున్నారు. అక్కడ పోలీసు పోలికలకు అంగీకరించాలా వద్దా అన్నది మీరే ఎంచుకోవచ్చు. అసలు పేరుకు బదులు పొడి అక్షరాలు పెట్టండి, రెండంచెల పాస్‌వర్డ్ వాడండి, పని ముగిశాక నమూనాను నాశనం చేయమని అడగండి.

చివరగా ఊరికి వెళ్లే సంగతి. కిట్ చేతపట్టుకుని నేరుగా ఎవరింటికీ పోకండి. విదేశం నుంచి వచ్చినవారు ఉమ్మి అడిగితే, పొలంలో వాటాకు వచ్చారేమోనన్న భయం కలగడం సహజం, ఆ భయాన్ని తక్కువ చేసి చూడకూడదు. ముందు ఊరి పెద్దల ద్వారా కబురు పెట్టండి, ఆస్తి గురించి ఏమీ అడగబోమని మొదటి మాటగా చెప్పండి. మొదటి రోజు కూర్చుని ఇంటిపేరు, గోత్రం, ఇలవేల్పు, ఓడెక్కి వెళ్లి తిరిగిరాని మనిషి కథ ఏదైనా ఉందా అన్నవి మాత్రమే అడగండి. ముత్తాత పేరు ఆ ఇంట్లో మనవడికి పెట్టి ఉన్నారేమో చూడండి, తాత పేరు మనవడికి పెట్టడం మన ఆనవాయితీ. ఆ మాటలన్నీ కుదిరి, వారికీ తెలుసుకోవాలని అనిపించి, తమంతట తాము అడిగిన రోజున కిట్ బయటకు తీయండి.