సంక్రాంతికి ఊరెళ్తున్నారా? పరుగు మొదలుపెట్టినవాళ్లకి కొన్ని జాగ్రత్తలు

దసరా వెళ్లాక పరుగు మొదలుపెట్టినవాళ్లకి సంక్రాంతి వచ్చేసరికి దగ్గర దగ్గర మూడు నెలలవుతుంది. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలైనవాళ్లు ఈపాటికి ఆగకుండా పది నిమిషాలు పరిగెత్తుతూ ఉంటారు. ఒళ్లు ఇప్పుడిప్పుడే మాట వింటోంది. సరిగ్గా అప్పుడే పది రోజుల సెలవులు వస్తాయి. రాత్రంతా ప్రయాణం చేసి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో దిగి, అక్కడి నుంచి ఊరికి ఆటో ఎక్కుతాం.

నిరుడు నా పరుగు ఈ పది రోజుల్లోనే దెబ్బతింది. మానేసినందుకు కాదు, ఎక్కువ చేసినందుకు. హైదరాబాద్‌లో వారానికి మూడు రోజులే పరిగెత్తేవాణ్ణి, ఊళ్లో ఖాళీ కదా అని రోజూ పరిగెత్తాను. కనుమ మర్నాడు అందరం కళింగపట్నం వెళ్లాం. సముద్రం చూడగానే బూట్లు విప్పేసి పొడి ఇసుకలో అరగంట పరిగెత్తాను. తెల్లారి మంచం దిగబోతే కుడి పిక్క రాయిలా బిగుసుకుపోయింది, మడమ నేలకి ఆనలేదు. ఆ తర్వాత మూడు వారాలు పరుగు లేదు.

అందుకే అన్నిటికన్నా ముందు చెప్పేది ఇదే. ఊళ్లో ఉన్నన్నాళ్లూ పరుగు పెంచకండి. వారానికి రెండుసార్లు, మధ్యలో నడకతో కలిపి ఇరవై నిమిషాల చొప్పున పరిగెత్తితే అలవాటు నిలుస్తుంది. వారం రోజులు పూర్తిగా మానేసినా పెద్దగా పోయేదేమీ ఉండదు, రెండు వారాలు దాటాకే దమ్ము తగ్గడం తెలుస్తుంది. పరిగెత్తుతూ పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగంలోనే ఉండండి. మాట తెగిపోతోందంటే నడవండి.

దిగిన రోజున అసలు వద్దు. పది పన్నెండు గంటలు కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే పాదాలు వాస్తాయి, నిద్ర ఉండదు. ఆ పూట చెరువు గట్టు దాకా నడిచి రండి చాలు. ఆ నడకలోనే మర్నాడు పరిగెత్తే దారి చూసి పెట్టుకోండి. ఎక్కడ గుంత ఉందో, ఏ మలుపులో కుక్కలున్నాయో పగటి వెలుతురులోనే తెలుస్తుంది.

దారి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ ప్రమాదం అక్కడే ఉంది. జనవరి నడుమన మన వైపు సూర్యుడు పైకి వచ్చేసరికి ఆరున్నర అవుతుంది. నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్లలో అప్పటికీ మంచు విడవదు. పండక్కి వచ్చిన కార్లు, రాత్రంతా నడిపి నిద్ర కళ్లతో ఉన్న డ్రైవర్లు, ధాన్యం ట్రాక్టర్లు, అన్నీ ఆ వేళకే రోడ్డు మీద ఉంటాయి. హైవే వైపు, దాని సర్వీసు రోడ్డు వైపు పోవద్దు. ఊరి రోడ్డు మీదైనా కుడివైపునే పరిగెత్తండి, అప్పుడు ఎదురుగా వచ్చే బండి మనకి కనిపిస్తుంది. లేత రంగు చొక్కా వేసుకోండి. చెవుల్లో పాటలు పెట్టుకోకండి. మంచు ఉన్న రోజున ఏడున్నర దాకా ఆగితే నష్టమేం లేదు. సాయంత్రం అనుకుంటే మాత్రం అయిదున్నర దాటగానే పొద్దు గూకుతుందని గుర్తుంచుకోండి.

నూర్పుల కాలం కాబట్టి సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. దాని మీద అడుగేస్తే గోళీల మీద వేసినట్టే జారుతుంది. పైగా అది ఒక ఇంటి ఏడాది కష్టం, తొక్కడం మర్యాద కాదు. గడ్డి పరిచిన చోట కింద గుంత ఉన్నా కనపడదు. అలాంటి చోట నడిచే వెళ్లండి. నా మటుకు నాకు చెరువు గట్టు మీది మట్టి దారే మేలనిపిస్తుంది, సిమెంటు రోడ్డు కన్నా మోకాళ్లకి సుఖం. హైస్కూల్ గ్రౌండ్ కూడా మంచిదే కానీ పండగ రోజుల్లో ఎనిమిదయ్యేసరికి క్రికెట్ టోర్నమెంటు మొదలైపోతుంది. టౌన్‌లో దిగినవాళ్లకి శ్రీకాకుళంలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్, విజయనగరంలో విజ్జీ స్టేడియం ఉన్నాయి.

కుక్కల విషయం. మా వీధి చివర కళ్లం దగ్గర రెండు కుక్కలు ఒక్కసారిగా లేచి మీదికొచ్చాయి. పరుగు ఆపేసి నిలబడిపోయాను. చేతులు కదపలేదు, వాటి కళ్లలోకి చూడలేదు. నాలుగు అడుగుల దూరంలో ఆగి పళ్లు చూపిస్తూ మొరిగాయి. నేను కదలకపోయేసరికి ఒకటి తోక దించింది. అప్పుడు వెన్ను చూపకుండా పక్కకి ఒక్కో అడుగే వేస్తూ తప్పుకున్నాను. పరిగెత్తి ఉంటే తప్పకుండా వెంటపడేవి. ఒకవేళ కరిచినా, గోరు గీరుకున్నా, పసుపూ కారమూ అద్దకండి. సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగండి. పండగని చూడకుండా అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి మొదటి సూది వేయించుకోండి. మిగతా సూదులు ఎప్పుడెప్పుడో రాయించుకుని, తిరిగొచ్చాక కూడా ఒక్కటీ వదలకుండా పూర్తి చేయండి.

ఇంట్లోనూ ఊళ్లోనూ ముందే చెప్పి బయల్దేరండి. మొదటిరోజు నన్ను చూసి రచ్చబండ మీద తాత లేచి నిలబడిపోయాడు. “ఏటైనాది బావూ, ఎవలికేటైనాది?” అంటుంటే ఆయన గొంతు వణికింది. ఊళ్లో మనిషి పరిగెత్తాడంటే ఎవరింట్లోనో ఏదో జరిగిందనే అర్థం. ముందురోజు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పెద్దాయనకి ఆ కంగారు తప్పేది. ఆడవాళ్లయితే పిన్ని కూతురినో మరదలినో తోడు తీసుకెళ్లండి. ఇద్దరుంటే కుక్కలూ జంకుతాయి, మాటలతో వేగమూ అదుపులో ఉంటుంది.

భోగి పొద్దున్న పరుగు మానేయండి. మంట పొగ, మంచు కలిసి వీధంతా నేలబారుగా పరుచుకుని ఉంటుంది, ఆస్తమా ఉన్నవాళ్లకి మరీ కష్టం. పొకుండలూ అరిసెలూ తినొద్దని నేను చెప్పను, అమ్మ చేసినవి తినడానికే కదా వెళ్లేది. కాకపోతే కనుమ భోజనంలాంటి భారీ భోజనం చేశాక కనీసం మూడు గంటలు ఆగండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు, పరుగులో షుగరు పడిపోతే నోట్లో వేసుకోవడానికి జేబులో చిన్న బెల్లం ముక్క పెట్టుకోండి.

నొప్పి మాత్రల గురించి మాత్రం గట్టిగానే చెప్తాను. కాళ్లు పట్టేశాయని షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకుని పరిగెత్తకండి. ఈ మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, ఒంట్లో నీరు తగ్గి ఉంటే ఆ దెబ్బ ఇంకా పెద్దది. కవిటి, సోంపేట, పలాస వైపు చుట్టాలున్నవాళ్లకి ఉద్దానం కిడ్నీ జబ్బు ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు. నొప్పి ఉంటే ఆ రోజుకి విశ్రాంతి తీసుకోండి. చలికాలం దాహం తెలియదు, అయినా బయల్దేరే ముందొక గ్లాసు, వచ్చాకొక గ్లాసు నీళ్లు తాగండి. పరిగెత్తుతుంటే ఛాతీ బరువెక్కినా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగి కూర్చోండి. గ్యాసేలే అనుకోకుండా 108కి ఫోన్ చేయండి.

కళింగపట్నమైనా బారువైనా సముద్రం ఒడ్డున పరిగెత్తాలనిపించడం సహజం. పొడి ఇసుకలో గట్టి నేల మీదికన్నా ఒకటిన్నర రెట్లకి పైగా శక్తి ఖర్చవుతుంది, ఆ భారమంతా పిక్కల మీదే పడుతుంది. నీళ్లు వెనక్కి తగ్గిన వేళ, తడిసి గట్టిపడ్డ ఇసుక మీద, బూట్లతో, పది నిమిషాలు పరిగెత్తితే చాలు. ఒడ్డు సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి ఎంత దూరం వెళ్లారో అంతే దూరం అదే దారిన వెనక్కి రండి, లేకపోతే బరువంతా ఒకే కాలి మీద పడుతుంది. చెమట పట్టిందని అలల్లోకి దిగకండి.

తిరుగు ప్రయాణం అయ్యాక ఒక రోజు ఆగండి. ఊళ్లో రెండుసార్లయినా పరిగెత్తి ఉంటే, వెళ్లే ముందు చివరి వారం ఎంత పరుగు, ఎంత నడక చేశారో అదే మళ్లీ చేయండి. ఊళ్లో అసలు పరిగెత్తలేకపోతే అంతకు ముందు వారం చేసినదానితో మొదలుపెట్టండి.