పడవలో స్విచ్ ప్యానెల్ బిగించే ముందు జాగ్రత్తలు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మోటారు పడవల వేటకు నిషేధం ఉంటుంది కనుక, తడ, సూళ్లూరుపేట వైపు పడవకు ఈ విరామంలో లైట్లు, పంపు, ప్యానెల్ పెట్టించుకునేవారు ముందుగా ఇవి చూసుకోవాలి.

– బ్యాటరీ పాజిటివ్ తీగ మీద, బ్యాటరీ నుంచి 18 సెంటీమీటర్ల లోపే, అంటే జానెడు కూడా మించకుండా, ప్రధాన ఫ్యూజు ఉండాలి. ప్యానెల్ ఫ్యూజులు ఆ తర్వాతి తీగలనే కాపాడతాయి. అంతకు ముందున్న తీగ ఒరుసుకుని షార్టయితే 12 వోల్టుల బ్యాటరీ అయినా పడవను తగలబెట్టగలదు.

– పెట్రోలు ట్యాంకు ఉన్న అరలో మామూలు స్విచ్చులు వద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది కనుక అడుగున నిలిచిపోతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

– ఇంటి వైరింగు తీగ వాడకండి. తగరపు పూత ఉన్న, సన్నని పోగుల రాగి తీగే కావాలి. పైతొడుగు కొత్తదిలా ఉన్నా, కొస ఒలిస్తే లోపలి పోగులు నల్లబడి వేళ్ల మధ్య పొడిగా రాలిపోయిన తీగను నేను చూశాను. ఉప్పునీటి తేమ చేసే పని అది.

– తీగ మందం ఎంచేటప్పుడు రానుపోను పొడవు కలిపి లెక్కించండి, లేకపోతే వోల్టేజి పడిపోతుంది.

– అడుగునీరు తోడే పంపు ఫ్లోట్ స్విచ్చికి (నీరు పెరగగానే తేలి, పంపును దానంతటదే నడిపే స్విచ్చి) బ్యాటరీ నుంచే నేరుగా, విడి ఫ్యూజుతో తీగ ఇవ్వండి. ప్యానెల్ ఆపి ఇంటికి వెళ్లిన రాత్రి కూడా అది పనిచేయాలి.

– పని మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీగను ముందుగా విప్పండి.